రెండో ఎపిసోడ్‌లోనే దొరికిపోయిన హంతకురాలు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను పట్టించిన హంతకురాలు ఒక్కతే. అది కూడా పోలీసుల కంటే నాలుగు ఎపిసోడ్ల ముందు. అందుకు నాకెవరూ శాలువా కప్పలేదు. సంజాయిషీ అడిగారు.

మీలో చాలామంది ఇప్పుడిప్పుడే సబ్‌టైటిళ్ళ పనిలోకి, అనువాదాల పనిలోకి వస్తున్నారు. సగం పని యంత్రమే చేసి పెడుతోంది కాబట్టి ఇలాంటి తప్పులు ఇక జరగవని మీకు ఎవరో చెప్పే ఉంటారు. నాకూ చెప్పారు. అప్పుడు యంత్రం లేదు, 'ప్రాసెస్' ఉండేది. అందుకే ఈ సంగతి రాస్తున్నాను.

నేను ఇరవై రెండేళ్ళు పత్రికలో డెస్కు మీద పనిచేశాను. మా ఎడిషన్ మూసేశాక, యాభై నాలుగేళ్ళ వయసులో, మాదాపూర్‌లో ఒక అద్దాల మేడ ఏడో అంతస్తుకి ఇంటర్వ్యూకి వెళ్ళాను. విదేశీ సీరియళ్ళకు తెలుగు సబ్‌టైటిళ్ళు రాసే కంపెనీ. ఎదురుగా కూర్చున్న టీమ్ లీడ్‌కి మా అబ్బాయి వయసుంటుంది. "ఇంకో ఐదేళ్ళలో మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారండీ?" అని అడిగాడు. "రిటైర్మెంట్‌లో" అన్నాను. అతను నవ్వలేదు. రాసుకున్నాడు. ఉద్యోగం వచ్చింది.

తెలుగు విభాగానికి నాయకుడైన ఆ అబ్బాయి తెలుగు చదవడం పదో తరగతితో ఆపేశాడు. "మాట్లాడితే ఓకే అండి, చదవడమే కొంచెం స్లో" అనేవాడు. మనిషి మంచివాడు. అందరి పుట్టినరోజులకీ తనే కేకు తెప్పించేవాడు. నేను రాసిన వాక్యాలను మాత్రం ఎప్పుడూ చదవలేదు, వాటి పొడవు కొలిచేవాడు.

ఏడాది తిరిగాక మాకు ఒక బ్రిటిష్ డిటెక్టివ్ సీరియల్ వచ్చింది. ఆరు ఎపిసోడ్లు. సముద్రం పక్కన, ఎప్పుడూ ముసురు పట్టి ఉండే చిన్న ఊరు. ఒక హెడ్మాస్టరు పడవల షెడ్డులో శవమై తేలతాడు. కేసు చూసే ఇన్‌స్పెక్టరు భార్య పోయిన మనిషి. మోకాలి నొప్పి. ఏ వాక్యాన్నీ చివరిదాకా చెప్పడు. సగంలో ఆపి కిటికీలోంచి చూస్తాడు. మిగతా సగం అతని కింద పనిచేసే సార్జెంటు పూర్తిచేస్తుంది. ఆమెకు ముప్పై అయిదుంటాయి, ఇద్దరు పిల్లలు, మధ్యాహ్నం తిండి ఎప్పుడూ కారులోనే. తెలివి అతని కంటే ఒక పిసరు ఎక్కువ. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనరు. రోజూ ఊళ్ళో ఒక టీ దుకాణంలో కూర్చుని కేసు మాట్లాడుకుంటారు. ఆ దుకాణం నడిపే ఆవిడ ఇన్‌స్పెక్టరు మోకాలికి వేడినీళ్ళ సంచి కూడా ఇస్తుంది. హత్య చేసింది ఆవిడే.

చెప్పేశాను కదా. చెప్పేయడం నాకు అలవాటైపోయింది.

నాకు వచ్చిన చిక్కు హత్య దగ్గర కాదు, ఆ ఇద్దరి దగ్గర. ఇంగ్లీషులో అందరికీ ఒకటే మాట. మనకు నువ్వు, మీరు. సార్జెంటు ఇన్‌స్పెక్టర్ని "సార్, మీరు" అంటుంది, అందులో అనుమానం లేదు. ఇన్‌స్పెక్టరు ఆమెను ఏమనాలి? మొదటి రోజు నుంచే "నువ్వు" అంటే మన ఠాణాలో ఎస్సై కానిస్టేబుల్‌ని కసిరినట్టుంటుంది. చివరిదాకా "మీరు" అంటే పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా ఉంటాడు. కంపెనీ వాళ్ళిచ్చిన నియమావళి నూట నలభై పేజీలు. చుక్కలు ఎన్ని పెట్టాలో, పాట వస్తే అక్షరాలు ఎంత వంచాలో అన్నీ ఉన్నాయి. దీని గురించి ఒక్క ముక్క లేదు. ఒకటే "నువ్వు" ఉన్న దేశంలో రాసిన పుస్తకం మరి.

నేను రాసినదాన్ని సరిచూసే అమ్మాయి నా పక్క సీటులోనే కూర్చునేది. సిద్దిపేట వైపు పల్లె. కూకట్‌పల్లిలో హాస్టల్లో ఉంటూ ఈ ఉద్యోగంలో చేరి ఆరు నెలలైంది, పర్మనెంట్ కావడానికి ఇంకో రెండు నెలలున్నాయి. మా స్నేహం గొడవతో మొదలైంది. మొదటి ఎపిసోడ్‌లో ఒక చిల్లర దొంగ వస్తాడు. నేను ఏమీ ఆలోచించకుండా వాడి చేత "ఏంది సారు, నాకేం ఎర్క" అనిపించాను. ఆ అమ్మాయి కుర్చీ నా వైపు తిప్పింది.

"మేడం, ఒక మాట అడుగుతా, ఏమనుకోకున్రి. ఇన్‌స్పెక్టరు మీ దిక్కు మాట్లాడుతుండు, సార్జెంటు మీ దిక్కు మాట్లాడుతది. ఈ దొంగోడొక్కడే మా దిక్కెందుకొచ్చిండు?"

తెర మీద ఆ వాక్యాన్ని మళ్ళీ చదివాను. ఇరవై రెండేళ్ళు భాషతో బతికినదాన్ని. కృష్ణాజిల్లా ఇంట్లో పుట్టి, సినిమాలు చూసి పెరిగిన చేయి అది. తనంతట తానే అలా రాసేసింది. ఆ దొంగ మాటలు మార్చాను. ఆ రోజు నుంచి మేమిద్దరం కలిసి అన్నం తినడం మొదలైంది.

నువ్వు, మీరు సమస్య కూడా ఆ అమ్మాయికే చెప్పుకున్నాను. "ఈ ఇద్దరూ చివరికి దగ్గరవుతారా, లేదా? అది తెలిస్తే రెండో ఎపిసోడ్‌లో ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. ఏ ఎపిసోడ్‌లో 'మీరు' వదలాలో తెలియకుండా ఎలా రాస్తాం?"

"ఆరోది చూడాలె మేడం మీరు."

"నాకు తెరుచుకోదుగా."

ఇక్కడ మా ప్రాసెస్ గురించి చెప్పాలి. కథ బయటికి పొక్కకూడదని టీమ్ లీడ్ ఒక కట్టుదిట్టం చేశాడు. అనువాదకులకు ఎపిసోడ్లు ఒకదాని తర్వాత ఒకటే తెరుచుకుంటాయి. ఐదోది ఇస్తేగాని ఆరోది రాదు. హంతకుడెవరో తెలియని మనిషి హంతకుడి గుట్టు రట్టు చేయలేదు కదా అని అతని లెక్క. వినడానికి బాగుంది. మాటల టైమింగ్ ముందే సరిచూడాలి కాబట్టి ఆ అమ్మాయి సిస్టమ్‌లో మాత్రం అన్నీ తెరుచుకునేవి.

"నా సిస్టంల చూడున్రి. లంచ్ టైంల ఎవ్వరుండరు" అంది. నేను వద్దనలేదు. నిజం చెప్పాలంటే, ఆ మాట ఆమె చేత నేనే అనిపించాను. రెండు మధ్యాహ్నాలు ఆమె కుర్చీలో కూర్చుని ఆరో ఎపిసోడ్ చూశాను. ఇన్‌స్పెక్టరు టీ దుకాణంలో ఆఖరి టీ తాగి, కప్పు కింద పెట్టి, ఆవిడను అరెస్టు చేస్తాడు. బయటికి వచ్చాక వానలో మెట్ల మీద కూలబడి, మొదటిసారి ఒక వాక్యం పూర్తిగా చెబుతాడు, సార్జెంటుతో. అక్కడ "నువ్వు" పెట్టాలనుకున్నాను. అక్కడి నుంచి వెనక్కి నడుచుకుంటూ వచ్చి, మిగతా ఎపిసోడ్లన్నిటిలో "మీరు" ఉంచాలని తేల్చుకున్నాను. ఆ ఒక్క నిర్ణయం విషయంలో ఇప్పటికీ నాకు గర్వమే.

ఆ గర్వంతోనే రెండో ఎపిసోడ్ ముగించాను. అందులో ఒక ముసలి జాలరి సాక్ష్యం చెబుతాడు. పొగమంచులో, షెడ్డులోంచి రెయిన్‌కోటు కప్పుకున్న మనిషి బయటికి రావడం చూశానంటాడు. ఆడో మగో చెప్పడు. ఇంగ్లీషులో చెప్పనక్కరలేదు. నేను రాసింది ఇదీ: "రెయిన్‌కోటు కప్పుకుని బయటికొచ్చింది. వెనక్కి తిరిగి చూడలేదు."

మళ్ళీ చదవండి. మీకు కనపడుతోంది కదా? నాకు కనపడలేదు. నాకు తెలుసు కాబట్టి కనపడలేదు. ఆవిడ బయటికి వస్తే వచ్చిందనే కదా అంటాం. సరిచూసిన అమ్మాయికీ తెలుసు కాబట్టి ఆమెకీ కనపడలేదు. ఒక కామా సరిచేసి సేవ్ చేసింది. "ఎవరో బయటికొచ్చారు" అని రాస్తే సరిపోయేది. చిన్న మాట. ఒకటో తరగతి పిల్లాడికైనా వస్తుంది.

సీరియల్ శుక్రవారం విడుదలైంది. ఆదివారానికి బాచుపల్లిలో ఉండే ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు ఆ సబ్‌టైటిల్‌ను ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టారు. కింద ఆయన రాసిన వ్యాఖ్య నాకు కంఠతా వచ్చు. "క్రియాపదాన్ని బట్టి హంతకుడు మహిళ. ఇప్పటిదాకా రెయిన్‌కోటుతో కనిపించిన మహిళ టీ దుకాణం ఆవిడ ఒక్కరే. మిగతా నాలుగు ఎపిసోడ్లు చూడనవసరం లేదు. నా ఆదివారం మిగిల్చినందుకు ధన్యవాదాలు." దాన్ని వేలమంది పంచుకున్నారు. తెలుగు వ్యాకరణానికి అంత ఆదరణ నేనెన్నడూ చూడలేదు.

సోమవారం పొద్దున, సీరియల్ తీసిన లండన్ కంపెనీ నుంచి ఉత్తరం. మా ఏడో అంతస్తులో ఒక్కసారిగా అందరూ మెల్లగా మాట్లాడడం మొదలుపెట్టారు. టీమ్ లీడ్ మొదట చేసిన పని, ఆ వాక్యానికి వేరే అర్థం ఉందేమో కనుక్కోవడం.

"మేడం, 'వచ్చింది' అంటే యానిమల్స్‌కి కూడా వాడతాం కదండీ?"

"వాడతాం."

"సో అది కుక్క కూడా కావచ్చు."

"రెయిన్‌కోటు వేసుకున్న కుక్కా?"

"ఫారిన్‌లో వేస్తారండీ" అన్నాడు ఆశగా. ఆ జవాబు నిజంగానే లండన్ పంపారు. అటు నుంచి వచ్చిన ప్రత్యుత్తరం నాకు చూపించలేదు కానీ, అతని ముఖం చూశాను.

తర్వాత దర్యాప్తు మొదలైంది. మా లీడ్ అంతకు ముందు రోజే ఆరు ఎపిసోడ్లూ ఏకబిగిన చూసి ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని, అద్దంలోంచి దుర్గం చెరువు వైపు చూస్తూ, వాక్యాలు సగంలో ఆపడం మొదలుపెట్టాడు. హెచ్ఆర్ నుంచి వచ్చిన ఆవిడ నోటుబుక్కు పట్టుకుని వెనకే నడుస్తూ అతను ఆపిన వాక్యాలు పూర్తిచేసేది. నేను పక్కన ఉండి వాళ్ళకు సబ్‌టైటిళ్ళు రాయలేదన్న లోటు తప్ప, అంతా సీరియల్లాగే ఉంది.

సాక్ష్యాలు రెండు దొరికాయి. మా సాఫ్ట్‌వేర్ చివరగా సేవ్ చేసినవాళ్ళ పేరు మాత్రమే గుర్తుపెట్టుకునేది. రెండో ఎపిసోడ్ మీద ఉన్నది ఆ అమ్మాయి పేరు. ఆరో ఎపిసోడ్ ముందుగా తెరిచిందీ ఆ అమ్మాయి సిస్టమే, రెండు మధ్యాహ్నాలు. నా మీద ఎవరికీ అనుమానం రాలేదు. మంగళవారం లీడ్ నా దగ్గరికొచ్చి ఓదార్చాడు కూడా. "మీరు టెన్షన్ పడకండి మేడం. సెకండ్ ఎపిసోడ్ రాసేటప్పటికి హంతకురాలెవరో మీకు తెలిసే ఛాన్సే లేదు కదండీ. మీరు రాసింది ఆ అమ్మాయి మార్చేసి ఉంటుంది."

నేనేం చేశానో చెప్పడానికే ఇంతసేపూ రాశాను. నేను తల ఊపాను.

సోమవారం, మంగళవారం, బుధవారం. మూడు రోజులు నోరు విప్పలేదు. నా కాంట్రాక్టు రెన్యువల్ ఆ నెలలోనే ఉంది, ఈ వయసులో మళ్ళీ ఎవరు పిలుస్తారు అనుకున్నాను. ఆ అమ్మాయిది చిన్న వయసు, ఈ ఐటీ కారిడార్‌లో ఇంకో పది కంపెనీలున్నాయి అనుకున్నాను. విషయం దానంతట అదే చల్లారుతుంది అనుకున్నాను. నేను నిజం చెబితే సిస్టమ్ చూపించినందుకు ఆమెకే ఎక్కువ నష్టం అని కూడా అనుకున్నాను. ఇది అన్నిటికంటే అందమైన సాకు, పరోపకారంలా ఉంటుంది. ఆ అమ్మాయి నా పేరు ఎత్తలేదు. అడిగితే "నాకు యాదికి లేదు సార్" అంది. నన్ను మాత్రం ఒక్కసారి చూసేది. మధ్యాహ్నం ఎప్పటిలాగే ఇద్దరం కలిసి తినేవాళ్ళం. సర్వపిండి నా డబ్బా మూతలో పెట్టి, "ఫికర్ చెయ్యకున్రి మేడం, అయితది" అనేది. నన్ను ఆమె ఓదార్చడమేమిటో నాకు అప్పుడు తట్టలేదు. తట్టనివ్వలేదు.

గురువారం మీటింగు పెట్టారు. దాని పేరు 'రూట్ కాజ్ అనాలిసిస్'. తప్పు ఎక్కడ మొదలైందో వేర్లదాకా తవ్వడమని అర్థం. తెర మీద పెద్ద చేప ముల్లు బొమ్మ వేశారు. ఒక్కో ముల్లుకీ ఒక్కో కారణం. లీడ్ చేప చుట్టూ తిరిగి, ఆఖరికి ఆ అమ్మాయి ముందు ఆగాడు.

"ఆరో ఎపిసోడ్ లంచ్ టైంలో ఎందుకు ఓపెన్ చేశావమ్మా? వర్క్ కోసం అయితే వర్కింగ్ అవర్స్‌లో..." అని ఆపాడు.

"...చేసేదానివి" అని హెచ్ఆర్ పూర్తిచేసింది.

ఆ అమ్మాయి తల ఎత్తలేదు. "నేనే చూసిన సార్. ఇంటరెస్ట్‌గా ఉండె. తప్పయింది."

"అంటే కన్ఫర్మేషన్ విషయంలో మేము..."

"...ఆలోచించాల్సి వస్తుంది" అంది హెచ్ఆర్.

అప్పుడు లేచాను. ధైర్యం వచ్చి కాదు. 'తప్పయింది' అన్న మాట ఆమె అంత తేలిగ్గా, అంత అలవాటుగా అనడం వినలేకపోయాను. "ఆ వాక్యం నాది. ఆరో ఎపిసోడ్ చూసింది నేను. ఈ అమ్మాయి కామా ఒక్కటే మార్చింది" అన్నాను.

గదిలో నిశ్శబ్దం అని రాస్తే బాగుంటుంది కానీ, అలా జరగలేదు. లీడ్ నా వైపు జాలిగా చూశాడు. "మేడం, మీరు ఎమోషనల్ అవుతున్నారు. జూనియర్‌ని కాపాడాలని మీకుంటుంది, ఐ అండర్‌స్టాండ్. కానీ మీకు యాక్సెస్ లేదు కదండీ."

"లేదు. అందుకే ఈమె సిస్టమ్‌లో చూశాను."

"లాగ్‌లో మీ పేరు లేదు మేడం."

"మనిషి కూర్చున్నది నేను బాబూ. లాగ్‌కి కళ్ళుండవు."

నా నేరం నేను రుజువు చేసుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. చివరికి హ్యాండ్‌బ్యాగులోంచి నా పొడుగు నోటుబుక్కు తీశాను. డెస్కు రోజుల అలవాటు, ఏదైనా ముందు పెన్నుతో రాసుకునేదాన్ని. మూడు రోజులుగా దాన్ని భుజాన మోస్తూనే ఉన్నాను. అందులో నా చేతిరాతతో ఆ వాక్యం, పైన తేదీ, పక్కనే ఆరో ఎపిసోడ్ చివరి సీనుకు 'ఇక్కడ నువ్వు' అన్న గుర్తు. లీడ్ దాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివాడు. నేను రాసిన వాక్యం అతను చదవడం అదే మొదటిసారి.

హెచ్ఆర్ ఆవిడ మాత్రం చేప వైపు చూడకుండా అడిగింది. "కంపెనీ కంటెంట్ పర్సనల్ నోటుబుక్కులో బయటికి తీసుకెళ్ళడం సెక్యూరిటీ వయొలేషన్ కదా మేడం?"

లీడ్ ముఖంలో నిరాశ స్పష్టంగా కనిపించింది. అతను కట్టిన కథ నా కథ కంటే బాగుంది మరి. దోషి చిన్న ఉద్యోగి, సాక్ష్యాలు సిస్టమ్‌లోనివి, ముగింపు శుభ్రం. ముసలావిడ, పెన్నూ, కాగితం అతని చేప బొమ్మలో ఏ ముల్లుకీ అతకలేదు.

నివేదికలో అసలు కారణం అన్న గడిలో చివరికి ఏం రాశారో తెలుసా? 'తెలుగు భాషలో లింగభేదం ఉండుట.' నివారణ చర్య: ఇకపై తెలియని వ్యక్తులందరికీ గౌరవ బహువచనమే వాడాలి. ఆ నియమం తర్వాత వచ్చిన సీరియళ్ళలో హంతకులు దయచేసి వచ్చారు, పొడిచారు, శవాన్ని సంచిలో వేసి సెలవు తీసుకున్నారు. ఒక ఎపిసోడ్‌లో ఏదో దేశపు పోలీసు, "దొంగగారు గోడ దూకి వెళ్ళిపోయారు" అన్నాడు. బాచుపల్లి మాస్టారు దాన్ని కూడా ఫొటో తీసి పెట్టారు. ఈసారి "సంస్కారవంతమైన దేశం" అని రాశారు.

నా కాంట్రాక్టు రద్దు చేయలేదు. నన్ను హత్యల నుంచి తప్పించి వంటల కార్యక్రమాలకు మార్చారు. అక్కడ ఏది ఉడికిందో ముందే చెప్పినా ఎవరికీ నష్టం లేదు. ఆ అమ్మాయి ఒక హెచ్చరిక కాగితంతో బయటపడింది, నెల తర్వాత పర్మనెంట్ కూడా అయింది. లీడ్ కేకు తెప్పించాడు.

కానీ ఆ గురువారం నుంచి ఆమె నాతో కలిసి తినలేదు. మర్యాదగా మాట్లాడేది, నా పని శ్రద్ధగా సరిచూసేది. మధ్యాహ్నం అయ్యేసరికి డబ్బా పట్టుకుని కింద ఫుడ్‌కోర్టుకి వెళ్ళిపోయేది. నాలుగు నెలల తర్వాత గచ్చిబౌలిలో ఇంకో కంపెనీలో పెద్ద ఉద్యోగం వచ్చింది. ఆఖరి రోజు సాయంత్రం గేటు బయట ఇరానీ చాయ్ బండి దగ్గర నేనే ఆపాను. ఆలస్యంగానైనా చెప్పాను కదా, కొంచెం మెచ్చుకుంటుందేమోనన్న ఆశ నాలో ఇంకా ఉందని ఒప్పుకుంటాను.

"నా మీద కోపం పోలేదా అమ్మా?" అన్నాను.

"కోపమేం లేదు మేడం. తప్పు ఎవరైనా చేస్తరు. నేనూ చూస్కోలేదు. మీరు చెప్తరని కూడా నాకెర్కనే" అంది. చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. "గానీ మూడు రోజులు నా ముంగట కూసొని అన్నం తిన్నరు. ఎట్ల తిన్నరు మేడం? నాకైతే ముద్ద దిగలే. మీకెట్ల దిగింది?"

నాకు జవాబు తెలుసు. ఆమెకు చెప్పలేదు. బస్సు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయింది.

మీకు చెబుతాను. బాగానే దిగింది. బుధవారం రోజు మారు కూడా వడ్డించుకున్నాను.